పంచాయతీ పద్దులో తొలి చెల్లింపు

గుంటూరు జిల్లా కాకుమాను పరిసరములలోని నల్లరేగడిని నమ్ముకొని తరతరములుగా బ్రదికిన కర్షక కుటుంబములకు, అర్ధశతాబ్దికి పూర్వము, పారవేయవలసిన చెత్త యనునది దాదాపుగా లేదనియే చెప్పవచ్చును. పశువుల కొట్టములోని పేడయు, పొయ్యిలోని బూడిదయు, వాకిట నూడ్చిన ఆకులును, పశువులు తినగా మిగిలిన కసవును పెరటిలోని పెంటపోగునకు చేరి, ఎండకాలమున బండ్లకెక్కి, తొలకరికి ముందుగనే పొలమునకు తరలిపోయెడివి. పెంటపోగు ఎంత పెద్దదో ఆ యింటి వ్యవసాయ మంత పుష్టి గలదని సంబంధము చూడవచ్చినవారు సైతము అంచనా వేసికొనెడివారు. విస్తరి పెంటలో కలసెడిది. చినిగిన చీర బొంతకు పనికివచ్చెడిది. పగిలిన కుండ గింజలు వేపు మంగలముగా మిగిలెడిది.

అయితే ఆ కాలమును మితిమీరి పొగడుటకు వీలులేదు. చచ్చిన పశువును ఊరి వెలుపలికి లాగుటయు, వీధులూడ్చుటయు, ఊరివారు తాకనొల్లని సమస్త మాలిన్యమును తొలగించుటయు, వెట్టి పేరనో తోటి పేరనో, కొన్ని గడపలకు పుట్టుకతోడనే అంటగట్టబడి యుండెను. పంట నూర్చిన దినమున కళ్లములో విదిల్చెడి గింజలే వారి సంవత్సరపు శ్రమకు ప్రతిఫలము. నేటి పారిశుధ్య కార్మికుని స్థితిని విచారించువారు ఈ రెండు విషయములను, అనగా నాడు చెత్త లేకుండుటను, చెత్త లేకున్నను దానిని తొలగించు మనుష్యులను ఊరు ప్రత్యేకించి యుంచుకొనుటను, జ్ఞప్తియందుంచుకొనవలెను. ఏలయన మొదటిది పూర్తిగా మారిపోయెను. రెండవది మారవలసినంతగా మారలేదు.

ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయెను. ఎడ్లతో పేడ పోయెను. పేడతో పెంటపోగు పోయి, ఆ స్థలమున స్నానపు గదియో సిమెంటు నడవయో వెలసెను. నేడు గార్లపాడు, కొమ్మూరు, అప్పాపురము వంటి ఊళ్లలో ఏ గుమ్మము ముందు నిలిచి చూచినను, ఉదయమున బయటపడు బుట్టలో కూరగాయల తొక్కలతోపాటు పాల సంచి, షాంపూ పొట్లము, పసిబిడ్డ డైపరు, వృద్ధుల యిన్సులిన్ సూది, శీతల పానీయపు సీసా కలగలిసి కనబడును. ఈ పదార్థము భూమిలో జీర్ణము కాదు, పొలమున చల్లుటకు పనికిరాదు, పశువు మ్రింగినచో ప్రాణము తీయును. సైడు కాలువలో పడవేసినచో తొలి వానకే మురుగునకు అడ్డుపడి, నల్లమడ వాగు పొంగిన దినములలో వెనుకకు తన్నిన నీటితో మరల వాకిటికే వచ్చి చేరును. కొండపాటూరు పోలేరమ్మ తిరునాళ్ల వంటి సంరంభము ముగిసిన మరునాడు ఈ రాశి ఎంతటిదో చెప్పనక్కరలేదు. మశూచిని తెచ్చునదియు పోగొట్టునదియు ఆ తల్లియే యని కొలిచిన జనమునకు, ఊరి మాలిన్యమునకును ఊరి రోగమునకును గల సంబంధము తెలియనిది కాదు. ఆ మాలిన్యమును తొలగించువాని బ్రదుకుతో తమకు గల సంబంధమే తెలియవలసి యున్నది.

తెల్లవారక మునుపే పంచాయతీ కార్యాలయము వద్దకు చేరి, మూడు చక్రముల బండిని బయటికి లాగి, ఈల యూదుచు వీధి వెంట సాగు ఈ మనిషి పనిని లెక్కవేసి చూచినవారు అరుదు. ఇంటికొక్క నిమిషము చొప్పుననే తీసికొందము. 250 ఇండ్లకు నాలుగు గంటలు దాటును. ఈ లెక్కలో బండిని త్రొక్కుకొనిపోవు కాలము లేదు, నిండిన బండిని ఊరి వెలుపలి పాకకు చేర్చి వచ్చు కాలము లేదు, ఈల విని లోపలనుండి "ఉండు నాయనా, వస్తున్నా" అని ఆలసించు గృహిణి కొరకు వేచియుండు కాలము లేదు. అటుపిమ్మట పాకలో కూర్చుండి, ఇంటివారు కలిపి పంపిన తడి చెత్తను పొడి చెత్తను చేతులతో విడదీయవలెను. అది ముగియగానే కాలువల పూడిక తీయవలెను; బ్లీచింగు పొడి చల్లవలెను; వీధికుక్క చచ్చినను, బావిలో పంది పడినను కబురు అతనికే వచ్చును. స్త్రీయైనచో, ఇంతకు ముందు తన యింటి పనియు, ఇంత తరువాత తన యింటి పనియు ఆమెకు తప్పవు.

పురుగుమందు డబ్బాల విషయము ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. పట్టణ పారిశుధ్యమును గూర్చి వ్రాయువారి దృష్టికి ఇది సాధారణముగా రాదు. ప్రత్తి, మిరప, మినుము పండించు ఈ పల్లెలలో పిచికారీ ముగిసిన పిమ్మట ఖాళీ సీసాలు కాలువ గట్టున పడును, లేదా ఇంటికి వచ్చి చెత్తబుట్టలో చేరును. 1971 నాటి క్రిమిసంహారక నిబంధనల ప్రకారము అట్టి డబ్బాలను మరల వాడుటకు వీలులేకుండ పగులగొట్టి, జనావాసములకు దూరముగా పాతిపెట్టవలెను. ఆ పనిని రైతు చేయడు, అమ్మిన దుకాణదారుడు చేయడు. ఎర్ర త్రికోణపు గుర్తుగల సీసా, అడుగున మిగిలిన మందుతో సహా, చెత్త నెత్తువాని చేతికి వచ్చును. సేంద్రియ భాస్వర జాతి మందులు నోటి ద్వారముననే గాక చర్మము ద్వారమునను దేహములోనికి ప్రవేశించును. చెమటపట్టిన చర్మము వాని ప్రవేశమును మరింత సుకరము చేయును. గుడ్డ తొడుగు తడిసినచో అది రక్షకము గాక, విషమును చేతికి హత్తించి యుంచు సాధన మగును. కనుక తొడుగు లిచ్చితిమని పద్దులో వ్రాసికొన్నంత మాత్రమున చాలదు. ఎట్టి తొడుగులు, ఎన్నాళ్ల కొకసారి, అని అడుగవలెను. చెత్తలోని సూది గ్రుచ్చుకొన్నచో కాలేయమును చెరచు హెపటైటిస్ బి వ్యాధి సోకవచ్చును. దానిని నివారించు టీకా ఆరు నెలల వ్యవధిలో మూడు మోతాదులుగా ఇచ్చెదరు. ఎలుక మూత్రము కలసిన మురుగునీట వట్టి కాళ్లతో దిగువానికి లెప్టోస్పైరోసిస్ భయము కలదు. ఇవి మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల యెరుకలో నున్న సంగతులే.

ఇంతటి ప్రమాదము గల పనిని చేయుటకు ముందుకు వచ్చువారెవ్వరను ప్రశ్నకు సమాధానము మన సమాజపు నిర్మాణములోనే యున్నది. గుంటూరు పురపాలక సంఘము 1866లోను, తెనాలి పురపాలక సంఘము 1909లోను ఏర్పడినవి. కోస్తా పట్టణములు పెరిగిన కొలది వాని మాలిన్యమును మోయుటకు ఉత్తరాంధ్ర జిల్లాలనుండి రెల్లి కులస్థులు వలస వచ్చి బెజవాడ, గుంటూరు వంటి చోట్ల స్థిరపడిరి. అడవిని, చెరువును కోల్పోయిన యానాదులును పలు పట్టణములలో ఈ వృత్తిలోనికి నెట్టబడిరి. గ్రామములలో మాల మాదిగ పల్లెలకే యీ పని పరిమితమయ్యెను. గాంధీ మహాత్ముడు పాకీపనిని పవిత్రసేవగా భావించి, 1901 కలకత్తా కాంగ్రెసు మహాసభా శిబిరమున స్వయముగా మరుగుదొడ్డిని శుభ్రపరచెను. ఆ యాచరణలోని మహత్త్వమును తక్కువ చేయరాదు. కాని అంబేద్కరు 1945లో ప్రకటించిన తన గ్రంథమున వేసిన ప్రశ్న దానికంటె లోతైనది: భారతదేశమున మనిషి పాకీవాడగుట చేసెడి పనివలన గాక పుట్టుకవలననే యైనప్పుడు, ఆ పనిని ఎంత స్తుతించినను అది అతనిని అక్కడనే యుంచుటకు తోడ్పడును గాని విడిపించుటకు తోడ్పడదని ఆయన వాదము. ఈ రెంటిలో నాకు అంబేద్కరు వాదమే సత్యమునకు సన్నిహితముగా కనబడుచున్నది. పనికి గౌరవము స్తోత్రమువలన రాదు. ఆ పనిని ఏ కులస్థుడైనను స్వేచ్ఛగా కోరుకొనునంతటి వేతనమును, వద్దనుకొన్నచో విడువగల స్వాతంత్ర్యమును ఉన్నప్పుడే వచ్చును. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము షెడ్యూల్డు కులములను వర్గీకరించి రెల్లి మొదలగు 12 కులములకు ఒక్క శాతము రిజర్వేషనును ప్రత్యేకించుట ఈ దిశలో ఒక యడుగు. అయితే అది బిడ్డలను ఇతర ఉద్యోగములకు చేర్చవలసిన మార్గమే గాని, తల్లిదండ్రుల నెల జీతమును నిర్ణయించునది కాదు.

చట్టముల సంగతి చూతము. కోలారు బంగారు గనులలోని తెలుగు కుటుంబమున 1966లో జన్మించి, తనవారు మోసిన బరువును కన్నులార చూచిన బెజవాడ విల్సన్, విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటి మహాశయుని తోడ్పాటుతో సఫాయి కర్మచారీ ఆందోళనను నడిపి, మానవ మలమును చేతులతో నెత్తు దురాచారమును దేశము ముందు నిలబెట్టెను. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము లభించెను. ఆ పోరాట ఫలముగా 2013లో పటుతరమైన నిషేధ చట్టము వచ్చెను. 2014లో సర్వోన్నత న్యాయస్థానము భూగర్భ మురుగు కాలువలలో మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయల పరిహారమును ఆదేశింపగా, 2023 అక్టోబరులో ఆ మొత్తము 30 లక్షలకు పెరిగెను. ఇది యెంతయు శ్లాఘనీయము. కాని ఈ చట్టపు పరిధి మానవ మలమునకును, మురుగు గుంటలకును సంబంధించినది. ఇంటింటి చెత్త నెత్తువాడు దానిలోనికి రాడు. 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నిబంధనలు ప్రధానముగా పట్టణముల నుద్దేశించినవి. సామాన్య గ్రామము వానిలో ముఖ్య స్థానము పొందలేదు. భవిష్యనిధి చట్టము 20 మంది, అంతకు మించి పనివారు గల సంస్థలకు వర్తించునది. ఇద్దరో ముగ్గురో కార్మికులు గల పంచాయతీ ఆ లెక్కకు అందదు. ఒక్కొక్క చట్టమును విడివిడిగా చూచినచో దేనికి దానికే హేతువు కలదు. అన్నింటిని కలిపి చూచినచో మాత్రము పల్లెలోని చెత్త బండివాడు ఏ గొడుగు క్రిందను నిలువజాలనివాడై యున్నాడు.

పట్టణ కార్మికుడు తన స్థితిని కొంత మెరుగుపరచుకొనెను. అదియు ఉదారముగా ఎవరో ఇచ్చినందున కాదు. 1994లో నాటి ఉమ్మడి రాష్ట్రము నియామకముల క్రమబద్ధీకరణ చట్టమును చేసి, దినకూలీలను స్థిరపరచు ద్వారమును దాదాపుగా మూసివేసిన పిమ్మట, పదవీ విరమణ చేసిన శాశ్వత కార్మికుని స్థానమున గుత్తేదారు మనిషి వచ్చెను. అదే వీధి, అదే మేస్త్రీ, అదే మస్తరు, జీతము మాత్రము అందులో ఒక భాగము. ఒకే పని చేయువారికి ఒకే వేతన మీయవలెనను సూత్రము తాత్కాలికులకును వర్తించునని 2016 అక్టోబరు 26న సర్వోన్నత న్యాయస్థానము జగజీత్ సింగు వ్యాజ్యమున తీర్పు చెప్పినను, పురపాలక సంఘముల చీపురు వరకు ఆ తీర్పు సంపూర్ణముగా దిగిరాలేదు. 2015 జూలైలో రెండు తెలుగు రాష్ట్రములలోను కార్మికులు పని నిలిపిరి. 2022 జూలైలో ఆంధ్రమున మరల నిలిపిరి. 2023 డిసెంబరు 26న ఆరంభించిన సమ్మెను 2024 జనవరి రెండవ వారము వరకు సాగించిరి. పొరుగుసేవల కార్మికుల నిమిత్తము 2020లో ఏర్పడిన ఆప్కాస్ అను ప్రభుత్వ సంస్థ ద్వారా గుత్తేదారు కొంత తొలగెను. 15,000 రూపాయల వేతనమును, 6,000 రూపాయల ఆరోగ్య భత్యమును కలసి 21,000 రూపాయలు పట్టణ కార్మికునకు చేరవలసిన మొత్తముగా నిలిచెను. తెనాలిలోనో బాపట్లలోనో పది దినములు చెత్త పేరుకొన్నచో పత్రికలు వ్రాయును, మంత్రులు చర్చలకు పిలుతురు. కాకుమాను వంటి గ్రామమున ఇద్దరు మనుష్యులు పని నిలిపినచో ఆ వార్త మండలము దాటదు. పట్టణ కార్మికునకు సంఖ్య కలదు, పల్లె కార్మికునకు అది లేదు. వేతనముల యంతరమునకు మూలము పనిలోని తారతమ్యము కాదు, ఈ సంఖ్యాబలపు తారతమ్యమే.

స్వచ్ఛ భారత్ ఉద్యమము 2014లో ఆరంభమైన పిమ్మట ఆంధ్ర గ్రామములలో చెత్త నెత్తువారిని హరిత రాయబారుల పేర నియమించి, తొలుత నెలకు 6,000 రూపాయల గౌరవ వేతనమును నిర్ణయించిరి. అది కనీస వేతన చట్టపు వేతనము కాదు, సేవకు చూపు ఆదరణ మాత్రమే యను రీతిని దానిని రూపొందించినందున, నెల తప్పినను రెండు నెలలు తప్పినను ప్రశ్నించుటకు కార్మికునికి గట్టి ఆధారము లేకపోయెను. బకాయిలు నెలల తరబడి పేరుకొనుట, ధర్నా జరిగినప్పుడు కొంత విడుదల యగుట, మరల పేరుకొనుట, రాష్ట్రమంతట పలుమారులు జరిగినది. ఈలోగా ఊరూర చెత్తనుండి సంపద తయారీ కేంద్రముల పేర రేకుల పాకలు లేచెను. స్వచ్ఛ భారత్ రెండవ దశలో ఘనవ్యర్థముల నిమిత్తము 5,000 జనాభా వరకు గల గ్రామములకు తలకు 60 రూపాయలు, అంతకు మించిన వానికి తలకు 45 రూపాయలు చొప్పున నిధులు కేటాయించిరి. ఉపాధి హామీ నిధులును తోడయ్యెను. ఈ ధనము గోడకును, రేకునకును, బండికిని పనికివచ్చునది; వానిని నడుపు మనిషికి నెల నెల ఈయదగినది కాదు. ఆ కారణముననే అనేక గ్రామములలో పాక యున్నది, వానపాముల తొట్టి యున్నది, తొట్టిలో ఎరువు లేదు. రేగడి పొలముల నడుమ, సేంద్రియ ఎరువు కొరకు రైతు పరితపించు చోట, ఆ తొట్లు ఎండియుండుట చూచినప్పుడు నాకు కలుగు వేదన ఇంతింతనరాదు. పాత పెంటపోగు చేసిన పనినే ఆ తొట్టి చేయవలసి యున్నది. చేయించు కూలికి పద్దు లేదు.

పద్దు ఎక్కడినుండి రావలెనను ప్రశ్నయే అసలు చిక్కుముడి. ఈ ప్రాంతము పన్నుల విషయమున చరిత్ర గలది. చీరాల పేరాలలను పురపాలక సంఘముగా మార్చి, పట్టణ సౌకర్యముల పేర, 4,000 రూపాయల పన్నును 40,000 రూపాయలకు పెంచినప్పుడు, పేద నేతగాండ్రు మోయలేని ఆ భారమును నిరాకరించి, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఊరినే విడిచి రామనగరమున పాకలు వేసికొని పదునొకండు మాసములు కష్టముల కోర్చిరి. మరుసటి సంవత్సరమున కాకుమానునకు పొరుగుననే యున్న పెదనందిపాడున పర్వతనేని వీరయ్య చౌదరి ప్రభృతులు భూమిశిస్తు నిరాకరణమును నడపిరి. తమ సమ్మతి లేని పన్నును చెల్లింపమని ధిక్కరించిన ఆ తరము మనకు పూజ్యము. ఇటీవల 2021లో ఇంటింటి చెత్త సేకరణకు పట్టణములలో నెలసరి రుసుము విధించినప్పుడు ప్రజలు దానిని చెత్త పన్నని నిరసించిరి. 2024 అక్టోబరు 2న మచిలీపట్నమున ముఖ్యమంత్రి దాని రద్దును ప్రకటించిరి. ఆ రుసుమును విధించిన తీరు లోపభూయిష్టమని నా యభిప్రాయము. మేడకును పూరియింటికిని నడుమ ఉండవలసినంత భేదము అందులో లేదు. ముందుగా సేవ నందించి, నమ్మకము కుదిరిన పిమ్మట అడుగవలసిన రుసుమును ముందే అడిగిరి. కనుక రద్దును నేను ఆక్షేపింపను.

అయితే చీరాలవారు పన్నును నిరాకరించినప్పుడు దాని ఫలితమును తామే, తమ దేహములమీదనే, భరించిరి. మనము చెత్త రుసుమును నిరాకరించిన పిమ్మట ఆ సేవకు కావలసిన మూల్యము అదృశ్యము కాలేదు. అది మరియొకరి యింటికి, మాటాడలేనివాని యింటికి, చేరుచున్నది. మనము చెల్లింపని రూపాయి కార్మికుని జీతపు బకాయిగా మారుచున్నది. చిల్లర దుకాణమున అతని పేర పెరుగు అప్పు, నిజమునకు, ఊరివారందరు అతని యొద్ద చేసిన అప్పే. ఈ మాట కఠినమని తోచినవారు పంచాయతీ ఖర్చుల పద్దును తెరచి, ఏ చెల్లింపు మొదట జరుగుచున్నదో, ఏది చిట్టచివర మిగులుచున్నదో చూడవలెను. 2021-26 కాలమునకు పదునైదవ ఆర్థిక సంఘము గ్రామములకు సిఫారసు చేసిన నిధులలో 60 శాతము నిర్దిష్ట కార్యములకు ముడిపడినది, అందు సగము పారిశుధ్యమునకు. మిగిలిన 40 శాతమును ఊరి యవసరములకు స్వేచ్ఛగా వాడుకొనుటకు వీలుండెను గాని జీతములకు, కార్యాలయ వ్యయములకు వాడరాదను నిబంధన యుండెను. ఇట్లుండగా 2021లో ఆర్థిక సంఘపు సొమ్మును పంచాయతీల విద్యుత్తు బకాయిలకు మళ్లించిరని రాష్ట్రమందలి సర్పంచులు వీధికెక్కిరి. విద్యుత్తు సంస్థకు తన బాకీని రాబట్టుకొను శక్తి గలదు. చెత్త బండివానికి లేదు. దీపమునకు ముందుగా చెల్లించి, దీపము క్రింద ఊడ్చువానికి తరువాత చూతమనుట ఏ గ్రామధర్మము?

నేను కోరునది పెద్ద సంస్కరణ కాదు. చెత్త తొలగించుటయు వీధుల శుభ్రతయు పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామ పంచాయతీకి ఐచ్ఛికములు కావు, విహిత విధులు. విధి విహితమైనప్పుడు ఆ విధిని నెరవేర్చు చేతులకు కూలి మాత్రము ఐచ్ఛిక మెట్లగును? కావున పంచాయతీకి వచ్చు ఇంటిపన్ను మొదలగు సొంత రాబడినుండి, మరి యే యితర చెల్లింపునకును పూర్వము, పారిశుధ్య కార్మికుని వేతనమును తీసి పెట్టవలెను. చాలని భాగమును రాష్ట్ర ప్రభుత్వము భరింపవలెను. మొత్తము భయపడవలసినంతటిది కాదు. దినమునకు రెండు రూపాయల చొప్పున 250 ఇండ్లవారు ఇచ్చినచో నెలకు 15,000 రూపాయ లగును. అది పట్టణ కార్మికుని మూల వేతనమునకు సరిసమానము. రెండు రూపాయలనుటలో నా యుద్దేశము తలకింతని సమానముగా పంచుట కాదు. మేడవారు నాలుగు, పూరియింటివారు ఏమియు లేకుండ, ఇంటిపన్నులోనే కలిపి లెక్కింపవచ్చును. చెత్త యెక్కువగా పుట్టునది ఎక్కువ కొను నింటనే గదా.

ఇట్టి విధానమునకు నిదర్శనములు లేకపోలేదు. 2003 ప్రాంతమున నాటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేటలో కమిషనరు ఎస్.ఎ. ఖాదరు, పెద్ద యంత్రములును విదేశీ పరిజ్ఞానమును లేకయే, చెత్త గుట్టలు లేని పట్టణమును చేసి చూపెను. పూనాలో చెత్త ఏరుకొను స్త్రీలు 1993లో సంఘముగా నేర్పడి, 2008లో స్వచ్ఛ యను సహకార సంస్థను స్థాపించి, ఇంటింటినుండి తామే రుసుము తీసికొనుచు ఆ నగరమునకు సేవచేయుచున్నారు. అమెరికాలోని మెంఫిస్ నగరమున 1968 ఫిబ్రవరి 1న వానకు తలదాచుకొన్న ఇద్దరు నల్లజాతి కార్మికులు చెత్త లారీలోని యంత్రమున నలిగి మరణించిన పిమ్మట, దాదాపు 1,300 మంది తామును మనుష్యులమే యని మెడలో పలకలు వ్రేలాడదీసికొని సమ్మె కట్టిరి. వారికి తోడుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న ఆ నగరముననే హతుడయ్యెను. ఆ నెల 16న నగరపాలకులు సంఘమును గుర్తించి ఒడంబడికకు వచ్చిరి. జాతి వేరు, భూమి వేరు. పుట్టుకకును చెత్త బండికిని వేసిన ముడి మాత్రము ఒక్కటే. ఆ ముడిని వదలించుటకు అక్కడ ఒక మహనీయుని ప్రాణము పోవలసి వచ్చెను. మన గ్రామములలో అంతటి త్యాగము నెవ్వరును అడుగుట లేదు. తడి చెత్తను, పొడి చెత్తను ఇంటిలోనే వేరు చేసి యిచ్చుట, సూదిని మూతగల డబ్బాలో విడిగా నుంచుట, పురుగుమందు సీసాను చెత్తబుట్టలో వేయక పోవుట, ఈ మాత్రపు శ్రమను ఇంటివారు చేసినచో కార్మికుని చేతిపనిలో మిక్కిలి హేయమైన భాగము తొలగిపోవును.

2024 ఆగస్టు 23న రాష్ట్రమందలి 13,326 పంచాయతీలలో ఒక్కమారుగా గ్రామసభలు జరిగి, ఉపాధి హామీ పనులను జనము ఎదుట చదివి ఆమోదించిరి. అదే రీతిని ప్రతి గ్రామసభలోను పంచాయతీ కార్యదర్శి మూడు సంగతులు చదివి వినిపింపవచ్చును: పారిశుధ్య కార్మికులకు ఏ నెల వరకు వేతనము ముట్టినది, తొడుగులు బూట్లు చివరిసారిగా ఏ తేదీన ఇచ్చిరి, హెపటైటిస్ టీకా మూడు మోతాదులును ఎందరికి పూర్తియైనవి. కార్మికులు సభలో కూర్చుండి విందురు గనుక అసత్యమునకు తావుండదు. బకాయి యున్నచో అది తీరు వరకు క్రొత్త సిమెంటు రోడ్డునకు సొంత నిధినుండి బిల్లు చెల్లింపరాదని సభ తీర్మానింపవచ్చును. దానికి శాసనసభ కూడనక్కరలేదు, ఢిల్లీ అనుమతి యక్కరలేదు. కాకుమాను పంచాయతీ తన తదుపరి సమావేశముననే ఆ తీర్మానమును వ్రాసికొనగలదు.